పన్నెండు అడుగులు

జహ్రా ముస్తౌసఫ్‌లో, బీపీ పట్టా విప్పినాక
మలయాళం సిస్టరు నా కాయితం మీద ఇంకో గీత గీసింది.
"కండ్లు కూడా చూపించుకో, ఓబులమ్మా. ఏడాదికొకసారి."
వజా మాఫీ, అన్నా. నొప్పి లేదు.
సూదికి దారం ఎక్కిస్తా, బియ్యంలో రాయి ఏరతా,
ఇంగ కండ్లకేం?
ఆయమ్మ తల ఎత్తకుండానే అనింది:
"చక్కెర కంట్లోకి పోయేటప్పుడు తలుపు కొట్టదు."

గోడ మీద మూడు పండ్ల దువ్వెన బొమ్మలు.
కింది వరసకి పోయేకొద్దీ చిన్నవై, చిన్నబోయి.
పండ్లు ఎటు తిరిగినాయో చేత్తో చూపించల్ల.
బడి గడప తొక్కనిదాన్ని
ఆరు వరసలు తప్పు లేకుండా చదివినా.
ఏడో వరసలో దువ్వెన కరిగిపోయింది.

చుక్కలేసినారు. మంట.
పక్క కుర్చీలో బంగ్లాదేశ్ లారీ డ్రైవరు
కండ్లు మూసుకునే అడుగుతాండాడు,
రిపోర్టు కంపెనీకి పోతాదా, రిపోర్టు కంపెనీకి పోతాదా అని.
ఎవురూ బదులు చెప్పలే.

గడ్డం ఈడ పెట్టు, నుదురు ఆడ ఆనించు,
పచ్చ చుక్కనే చూడు.
మెరుపు.

తెర మీద నా కన్ను.
నలభై తొమ్మిదేండ్లు మోసినా గానీ
లోపల ఎట్లుంటాదో ఎరగను.
బొప్పాయి పండు కోసినట్ల ఉండాది.
ఒక పక్క పసుప్పచ్చ దీపం, దాంట్లోనించి ఎర్ర పాయలు,
ఎండకాలం పాపాఘ్నిలో మిగిలే నీళ్ల మాదిరి.
రెండు చోట్ల ఎర్ర చుక్క.
ఈగలు వాలినాయేమో అని కొంగుతో తెర తుడవబోయినా.
సిస్టరు నా చెయ్యి పట్టుకునింది.
"అవి తెర మీద లేవు."

మా ఇంటి పెద్దామె, ఉమ్ మిష్‌అల్‌కి
చూపు పోయి పదకొండేండ్లు. ఆమెదీ చక్కెరే.
ఆమెకి ఈ దువ్వెనలు ఎవురూ చూపించలే,
చూపించేటప్పటికి గోడే కనపడలే.
మంచం కాడినించి నీళ్లగది దాకా
నా చెయ్యే ఆమెకి దోవ.
ఇది కోడి, మామా, ఇది గుమ్మడి ముక్క అని చెప్పి
చెంచా నోటికిస్తా.

గేటు కాడ కారు దిగితే
ఎండ, పొంగిన పాలు.
గేట్లు రెండు, తాళాలు రెండు, నా చేతులు నాలుగు.
గడప తగిలి తూలితే చెప్పు ఊడింది.
"మీన్?" అని లోపలినించి గొంతు.
నేనే, మామా.
"అడుగు నీది కాదే."
చుక్కలేసినారు మామా, కంట్లో.

ఇంకేం అడగలే.
గోడ పట్టుకుని లేచి వచ్చింది, నా మణికట్టు దొరకబుచ్చుకునింది,
ఉల్లిగడ్డ వాసన చూసి నేనేనని రూఢి చేసుకునింది.
వాహిద్.
ఇత్నేన్.
ఈడ తివాచీ అంచు లేచి ఉంటాది, కాలు ఎత్తు.
ఫ్రిజ్జు గొణిగే వైపు తిరుగు.
తలాతా, అర్బఆ...
పన్నెండో అడుగుకి నా వంటింటి బండ చల్లగా తగిలింది.

ఇన్నేండ్లూ నేను నడిపిస్తాండానని అనుకుంటి.
ఆమె లెక్క పెట్టుకుంటాండాది.

పెద్దాసుపత్రికి చీటీ రాసినారు, మూడు వారాలకి, మంగళారం.
మంగళారం మేడమ్ అక్కచెల్లెండ్లు వస్తారు,
ముప్పై మందికి వంట.
ఇంకా అడగలే.
చీటీ మాత్రం చక్కెర మాత్రల డబ్బాలో పెట్టినా,
పొద్దునా మాపునా తెరవక తప్పని డబ్బా అది.

రాత్రికి చూపు తిరిగొచ్చింది.
రేపటికి కందిపప్పు పళ్లెంలో పోసుకుని కూచున్నా.
ఒక చోట నల్లటి చుక్క.
రాయో, నా కన్నో.

పళ్లెం కొంచెం జరిపి చూసినా.
చుక్క పళ్లెంతోనే జరిగింది.
రాయే.
ఏరి పారేసినా.